దర్యాప్తు అధికారి మందుల చీటీ

మన రాజకీయ నాయకులకు ఒక అలవాటు ఉంది. ప్రత్యర్థి మాట నచ్చకపోతే అతన్ని ఎర్రగడ్డకు పంపాలంటారు. ఉత్తరాదిలోనైతే ఆగ్రా అంటారు, రాంచీ అంటారు. సభలో జనం నవ్వుతారు, మర్నాడు పత్రికలో అది శీర్షికవుతుంది, రెండు రోజులు పోయాక అవతలి పార్టీవారు అదే ఊరి పేరుతో బదులిస్తారు. ఏళ్ల తరబడి ఢిల్లీలో ఇటువంటి మాటలు వింటూ, రాస్తూ వచ్చినవాణ్ణి నేను. వాటిని ఎవరు ఎక్కడ కూర్చుని వింటున్నారో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఆలోచింపజేసినవారు ఒక విశ్రాంత అధికారి. ప్రభుత్వరంగ బ్యాంకులో గుమాస్తాగా చేరి, విజిలెన్స్ విభాగానికి మారి, అక్కడినుంచి డిప్యుటేషన్ మీద ఒక దర్యాప్తు సంస్థకు వెళ్లి, ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం బ్యాంకు మోసాల గుట్టు విప్పడంలో గడిపినవారు. ఆయన పేరుగాని, రాష్ట్రంగాని, పనిచేసిన సంస్థగాని ఇక్కడ చెప్పను. ఇన్నేళ్ల పరిచయంలో ఆయన నాకు ఒక్క రహస్య పత్రం కూడా ఇవ్వలేదు. అడిగిన ప్రతిసారీ నవ్వి, టీ ఇప్పించి పంపేవారు. పదవీ విరమణ తర్వాత ఒక సాయంత్రం మాత్రం తనంతట తానుగా ఒక రహస్యం చెప్పారు. అది ఏ కుంభకోణానికీ సంబంధించినది కాదు. రెండు దశాబ్దాలకు పైగా తాను బైపోలార్ వ్యాధికి లిథియం మాత్రలు వాడుతున్నానని, ఆ సంగతి భార్యకు, వైద్యుడికి, ఒక్క సహోద్యోగికి తప్ప ఎవరికీ తెలియదని అన్నారు. వివరాలు మార్చి రాసుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఈ వ్యాసం ఆయన కథ చెప్పడానికి మాత్రమే రాయడం లేదు. ఆ రహస్యాన్ని అన్నేళ్లు మోయించిన వ్యవస్థ గురించి, ఆ మోత వల్ల చివరికి ఎవరు బాగుపడ్డారన్న దాని గురించి రాస్తున్నాను.

ముందుగా ఆయన చేసిన పని ఎటువంటిదో చెప్పాలి. ఆర్థిక నేరాల దర్యాప్తు అనగానే మనకు టీవీ తెరమీద దాడులు, సీలు వేసిన సూట్‌కేసులు కనిపిస్తాయి. నిజానికి అది కాగితాల పక్కన కాగితాలు పెట్టి చూసే పని. 2018 జనవరిలో ముంబైలోని పంజాబ్ నేషనల్ బ్యాంకు బ్రాడీ హౌస్ శాఖలో నీరవ్ మోదీ బాగోతం బయటపడింది అలాగే. కొత్త హామీపత్రం కావాలని వచ్చిన కంపెనీల ప్రతినిధులను అక్కడి అధికారి నూరు శాతం నగదు మార్జిన్ అడిగారు. ఇంతకుముందు అటువంటిదేమీ లేకుండానే ఇచ్చారని వారన్నారు. ఇచ్చి ఉంటే లెక్కల్లో ఉండాలి కదా అని వెతికితే, బ్యాంకు ప్రధాన కంప్యూటర్ వ్యవస్థలో వాటి జాడ లేదు. విదేశీ బ్యాంకులకు సందేశాలు స్విఫ్ట్ ద్వారా వెళ్లిపోయాయి, ఇక్కడి ఖాతా పుస్తకాల్లో మాత్రం నమోదు కాలేదు. పొంతన లేని ఆ చిన్న జవాబు వెనుక 13 వేల కోట్ల రూపాయలకు పైబడిన మోసం దాగి ఉంది.

మన సత్యం కంప్యూటర్స్ సంగతి తెలిసిందే. 2009 జనవరి 7న రామలింగరాజు స్వయంగా లేఖ రాసి, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. నిందితుడే రాసిచ్చాక ఇక రుజువు చేయవలసింది ఏముంటుందని సామాన్యుడు అనుకుంటాడు. హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం తీర్పు వచ్చింది 2015 ఏప్రిల్ 9న. ఈ మధ్యలో 226 మంది సాక్షులు, 3 వేలకు పైగా పత్రాలు. ఆ పత్రాల్లో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు చదివి ఉండాలి, మరొకదానితో పోల్చి ఉండాలి, కోర్టు బోనులో నిలబడి దాని గురించి జవాబు చెప్పి ఉండాలి. ఇటువంటి పనిలో ఉన్నవాడికి నిద్ర తక్కువ, అనుమానం ఎక్కువ, సెలవులు లేవు. బైపోలార్ ఉన్న మనిషికి వైద్యుడు మొదట చెప్పేది వేళకు నిద్రపొమ్మని. ఉన్మాద దశను రేపే కారణాల్లో నిద్రలేమిది ముందువరుస.

మా అధికారికి ముప్పైల వయసులో మొదటిసారి జబ్బు బయటపడింది. ఒక ఎగుమతి సంస్థ ఒకే సరుకును చూపి పలు బ్యాంకుల్లో అప్పు తీసుకున్న కేసు. నాలుగు రాత్రులు నిద్రలేకుండా ఇన్‌వాయిస్‌లు ముందేసుకుని కూర్చున్నారు. అలసట రాలేదు, సరికదా ప్రపంచమంతా ఒక్క దారంతో అల్లినట్టు స్పష్టంగా కనబడిందట. ఐదో రోజు తెల్లవారేసరికి నలభై పేజీల నోట్ సిద్ధమైంది. అందులో ఆ ఎగుమతి సంస్థ ఉంది, శాఖ మేనేజర్ ఉన్నాడు, ఇద్దరు కేంద్రమంత్రులు ఉన్నారు, తన పై అధికారి ఉన్నాడు, తన ఇంటి ఎదుటి పాలబూత్ యజమాని కూడా ఉన్నాడు. దాన్ని నేరుగా ఢిల్లీకి పంపబోతుంటే, పక్క సీటులోని సహోద్యోగి టైపు తప్పులు సరిచేసి ఇస్తానని తీసుకుని తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆయన భార్యకు ఫోన్ చేసి, వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాడు. ఆసుపత్రి, ఆ తర్వాత ఆరు నెలల కుంగుబాటు. పళ్లు తోముకోవడం కూడా కొండ ఎక్కడంలా ఉండేదని ఆయనే చెప్పారు.

తిరిగి విధుల్లో చేరాక ఆ సహోద్యోగి బీరువా తెరిచి నోట్ చేతిలో పెట్టాడు. ఇద్దరూ కూర్చుని చదివారు. నలభై పేజీల్లో ముప్పయ్యారు పేజీలు జబ్బు మాట్లాడిన మాటలు. మిగిలిన నాలుగు పేజీలు అక్షరాలా నిజం. ఆ నాలుగు పేజీలమీదే కేసు నడిచింది, శిక్ష పడింది. మంచి పని చేయించింది జబ్బేనని దీన్ని విని ఎవరైనా అనుకుంటే ఆయన ఒప్పుకోరు. ఆ నాలుగు పేజీలు జబ్బు రాకముందు మూడు నెలలు ఓపికగా చేసిన పనివల్ల వచ్చాయని, జబ్బు కలిపినది పాలబూత్‌ను మాత్రమేనని అంటారు. ఉన్మాదాన్ని మేధస్సుకు మారుపేరుగా చూపించే సినిమాలమీద ఆయనకున్న కోపం అంతా ఇంతా కాదు.

లిథియం ఆయనను నిలబెట్టింది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదానికి దాని ఉపయోగాన్ని ప్రకటించారు. ఈనాటికీ ఈ జబ్బుకు ప్రధానమైన మందుల్లో అదొకటి. చవకైనది. రక్తంలో దాని మోతాదును తరచూ పరీక్షించుకోవాలి, దాహం వేస్తుంది, కొందరికి చేతులు సన్నగా వణుకుతాయి. చేతి వణుకు ఇంట్లో ఉన్నవాడికి చిన్న ఇబ్బంది. సాక్షుల బోనులో నిలబడి అసలు పత్రాన్ని పట్టుకుని చూపవలసిన దర్యాప్తు అధికారికి అది చిన్నది కాదు. ప్రతివాది న్యాయవాది ఒకసారి, “చేతులెందుకు వణుకుతున్నాయి సార్, అబద్ధం చెబుతున్నారా?” అని అడిగాడట. షుగర్ అని చెప్పారు. సత్యం చెబుతానని ప్రమాణం చేసిన బోనులో, తన ఉద్యోగ జీవితంలో తాను చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అదేనని అంటున్నప్పుడు ఆయన గొంతు మారింది.

దాచడానికి పడిన పాట్లు ఇంకా ఉన్నాయి. ఆరు నెలల సెలవుకు వెన్నుపూస జబ్బు అని ధ్రువపత్రం. మందుల బిల్లులకు రీయింబర్స్‌మెంట్ హక్కు ఉన్నా ఒక్కసారీ పెట్టుకోలేదు. బిల్లు పెడితే మందు పేరు అకౌంట్స్ గుమాస్తా చూస్తాడు, గుమాస్తా చూస్తే క్యాంటీన్‌కు తెలుస్తుంది. వార్షిక నివేదికలో ఆరోగ్యస్థితి అన్న గడి దగ్గర పై అధికారి కలం ఆగిన ప్రతి ఏడూ గుండె ఆగినంత పనయ్యేది. రక్తపరీక్షకు ఊరి అవతలి ల్యాబుకు, మందులకు ఇంకో పేటలోని దుకాణానికి వెళ్లేవారు. దొంగల జాడలు పట్టడంలో ఆరితేరినవాడు తన జాడ తానే చెరుపుకుంటూ బతకవలసి వచ్చింది.

చివరికి ఆ జాడ దొరకవలసినవాళ్లకే దొరికింది. ఒక పెద్ద ఎగవేతదారు మీద దర్యాప్తు చివరి దశలో ఉండగా, ఆ కంపెనీ తరఫు మధ్యవర్తి ఒకడు దారిలో ఎదురై, యోగక్షేమాలు అడిగి, “ఫలానా మెడికల్ షాపులో మీకు మంచి డిస్కౌంట్ ఇస్తున్నారా?” అన్నాడు. బెదిరింపు లేదు, డబ్బు మాట లేదు. ఆ ఒక్క వాక్యమే. నెల తిరగకుండా ఆయన కుటుంబ కారణాలు చూపి ఆ కేసునుంచి తప్పించమని రాసిచ్చారు. ఫైలు చేతులు మారింది. కొత్తగా వచ్చినవారికి మొదటినుంచి చదవడానికి ఏడాది పట్టింది. కొన్నేళ్లకు ఆ కేసు నీరుగారిపోయింది. “నేనున్నా అంతేనేమో. కాని నేను లేకపోవడానికి కారణం మాత్రం నాకు తెలుసు” అన్నారాయన.

ఈ ఒక్క ఘటన దగ్గర పాఠకులు ఆగాలని నా కోరిక. ఆ మధ్యవర్తికి ఆయుధం అందించింది ఎవరు? జబ్బు కాదు. జబ్బు బయటపడితే ఉద్యోగం ఉండదన్న భయం. ఆ భయాన్ని తయారు చేసింది మన కార్యాలయాలు, మన కోర్టు వరండాలు, మన పార్టీల వేదికలు. షుగర్ ఉన్న అధికారిని ఎవరూ మందుల షాపు పేరు చెప్పి బెదిరించలేరు. అందుకే మానసిక ఆరోగ్యాన్ని దయాదాక్షిణ్యాల పద్దులో వేసి పక్కన పెట్టడం పొరపాటని నా అభిప్రాయం. దర్యాప్తు సంస్థల విషయంలో అది నేరుగా అవినీతి నిరోధానికి సంబంధించిన విషయం. దాచుకోవలసింది ఉన్న అధికారి లొంగదీసుకోదగిన అధికారి. దాచుకోవలసిన అవసరం లేకుండా చేయడం ప్రభుత్వం చేతిలోని పని.

చట్టం ఇందుకు అడ్డు కాదన్నది విచిత్రం. 1872 నాటి సాక్ష్య చట్టం 118వ సెక్షన్‌లోనే, మతిస్థిమితం లేని వ్యక్తి సైతం అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని సబబైన జవాబు ఇవ్వగలిగితే సాక్షిగా అర్హుడేనని వివరణ ఉంది. దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ సూత్రాన్ని నిలుపుకుంది. బ్రిటిషువారి కాలంలో, ఈ జబ్బులకు సరైన మందు లేని రోజుల్లో రాసిన మాట ఇది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లింది. గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడూ జబ్బు ఉన్నట్టు తేల్చకూడదని, జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని, అది న్యాయస్థానం ప్రకటించవలసిన విషయమని చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, ఆ పనికి సరిపోకపోతే అదే జీతంతో మరో పనికి మార్చాలని 20వ సెక్షన్ శాసించింది.

సుప్రీంకోర్టు కూడా మాట్లాడింది. కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన రవీందర్ కుమార్ ధరీవాల్ అనే అధికారికి అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, దానితోపాటు తీవ్ర కుంగుబాటు ఉన్నట్టు తేలింది. ఆయన ప్రవర్తన మీద ఫిర్యాదులు వచ్చాయి, క్రమశిక్షణ చర్యలు మొదలయ్యాయి. 2021 డిసెంబర్ 17న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: జబ్బు ఆ ప్రవర్తనకు ఏకైక కారణమని నిరూపించనక్కర్లేదు, కారణాల్లో ఒకటైతే చాలు, అటువంటప్పుడు ఆ ఉద్యోగిపై చర్యలు మొదలుపెట్టడమే వివక్ష. అదే తీర్పు, ఆయనకు వేరే పని ఇచ్చేటప్పుడు ఆయుధాలు అప్పగించకుండా చూసుకోవచ్చనీ చెప్పింది. హక్కు, జాగ్రత్త రెండూ ఒకే తీర్పులో ఇమిడాయి. మన కార్యాలయాలు నేర్చుకోవలసింది ఆ నేర్పునే.

మరి అధికారులు ఈ చట్టాలను నమ్మి బయటికి ఎందుకు రారు? చట్టం పుస్తకంలో ఉంది, ముద్ర మనుషుల నోళ్లలో ఉంది. పైగా మన దేశంలోనే కాక, చట్టాలకు పెట్టింది పేరైన దేశాల్లోనూ ఆ ముద్రను ఆయుధంగా వాడిన చరిత్ర ఉంది. జర్మనీలో గుస్తల్ మోలాత్ అనే వ్యక్తి తన భార్య పనిచేసిన హైపోఫెరైన్స్‌బాంక్ ద్వారా నల్లధనం స్విట్జర్లాండ్‌కు తరలుతోందని ఫిర్యాదు చేశారు. భార్యపై దాడి చేశాడన్న ఆరోపణతో నడిచిన కేసులో, ఈ నల్లధనం మాటలను కూడా భ్రమకు నిదర్శనంగా లెక్కవేసి 2006లో న్యాయస్థానం ఆయన్ను మానసిక చికిత్సాలయంలో నిర్బంధించింది. సరిచూడగలిగినంత మేరకు ఆయన చెప్పినవన్నీ నిజమేనని ఆ బ్యాంకు అంతర్గత తనిఖీ 2003లోనే రాసుకుంది. ఆ నివేదిక ఏళ్ల తరబడి బయటికి రాలేదు. ఏడేళ్ల తర్వాత 2013లో విడుదలయ్యారు, 2014 పునర్విచారణలో నిర్దోషిగా బయటపడ్డారు. దాడి ఆరోపణ సంగతి వేరు. లెక్కల సంగతిలో మాత్రం పిచ్చివాడి మాట అని కొట్టిపారేసినది బ్యాంకు సొంత కాగితాల్లో సత్యంగా నమోదై ఉంది.

మన దగ్గరకు వస్తే, 2020లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తువైద్యుడు డాక్టర్ సుధాకర్ మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెండయ్యారు. ఆ మే నెలలో విశాఖ రోడ్డుమీద చేతులు వెనక్కి కట్టి ఆయనను తీసుకెళ్లిన దృశ్యాలు తెలుగువారంతా చూశారు. మద్యం మత్తులో దుర్భాషలాడారని పోలీసులన్నారు. అక్కడినుంచి ఆయన్ను చేర్చింది మానసిక వైద్యశాలలో. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో ఆయన కన్నుమూశారు. ఆయన దర్యాప్తు అధికారి కాదు. ఆ రోజు ఆయన ప్రవర్తన గురించి ఎవరి వాదన వారిది. కాని మాస్కులు ఉన్నాయా లేవా అన్నది స్టోరు రిజిస్టరు తెరిస్తే తేలే ప్రశ్న. మనిషి మతి గురించి మాట్లాడడం మొదలైన క్షణంలో రిజిస్టరు గురించి మాట్లాడడం ఆగిపోయింది. మతి ముద్రతో సిద్ధించే ప్రయోజనం ఇదే. ఆ ప్రయోజనం ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు.

నా వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. దర్యాప్తు అధికారి చేతిలో ఇతరుల స్వేచ్ఛ ఉంటుంది. అరెస్టు చేయగలడు, ఖాతాలు స్తంభింపజేయగలడు, ఒక వ్యాపారి పరువును ఒక్క నోట్‌తో మట్టిలో కలపగలడు. ఉన్మాద దశలో ఆ అధికారం వాడితే? పాలబూత్ యజమాని పేరు నిజంగానే ఎఫ్ఐఆర్‌లో చేరితే? ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోను. దాన్ని మా అధికారే అందరికన్నా గట్టిగా చెప్పారు. అయితే ఆనాడు పాలబూత్ యజమానిని కాపాడింది ఏమిటో చూడండి. పక్క సీటులోని మనిషికి విషయం తెలియడం కాపాడింది. నోట్ బయటికి వెళ్లేముందు రెండో జత కళ్లు చదవడం కాపాడింది. గోప్యత వీటిలో దేన్నీ పెంచదు, తగ్గిస్తుంది. సంస్థకు తెలిస్తే చికిత్స క్రమంగా సాగుతుంది, లక్షణాలు కనబడగానే ఎవరో ఒకరు గమనిస్తారు, కొద్దిరోజులు సంతకం అధికారం మరొకరికి ఇవ్వవచ్చు. తెలియకపోతే, ప్రమాదం తలకెక్కినప్పుడుగాని బయటపడదు.

ఇంకో మాట. పూర్తి ఆరోగ్యంతో, ఎనిమిది గంటల నిద్రతో, పైవాడి కనుసన్నలకు లోబడి అమాయకుల పేర్లు చార్జిషీట్లలో చేర్చిన అధికారులను ఈ దేశం చూసింది. అసలు దోషుల పేర్లు తీసేసినవారినీ చూసింది. వారి మతిస్థిమితాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. తప్పుడు నోట్‌నుంచి పౌరుణ్ణి కాపాడవలసింది అధికారి ఆరోగ్యపత్రం కాదు, నోట్‌ను సరిచూసే పద్ధతి. ఆ పద్ధతి ఉన్నచోట బైపోలార్ ఉన్న అధికారి వల్ల వచ్చే ముప్పు అదుపులో ఉంటుంది. లేనిచోట ఎవరివల్లనైనా ముప్పే. నేరాన్ని చివరికి రుజువు చేసేది ఇన్‌వాయిస్, ఖాతా, సంతకం. వాటిని చదివినవాడు ఏ మాత్ర వేసుకున్నాడన్నదాన్ని బట్టి ఐదువేల కోట్ల శూన్యం ఐదువేల కోట్ల నగదుగా మారిపోదు.

ఏం చేయాలి? పెద్ద పెద్ద పథకాలు అవసరం లేదు. మానసిక చికిత్స బిల్లులు కార్యాలయ అకౌంట్స్ విభాగం కంటపడకుండా నేరుగా వైద్యాధికారి ద్వారా చెల్లించే ఏర్పాటు కావాలి; 2017 చట్టం 23వ సెక్షన్ రోగికి ఇచ్చిన గోప్యత హక్కు కాగితం మీద కాకుండా కౌంటరు దగ్గర అమలు కావాలి. పనితీరు నివేదికలో ఆరోగ్యం గడికి పై అధికారి ఇష్టాఇష్టాలతో సంబంధం తెంచాలి. ఆర్థిక నేరాల దర్యాప్తులో ప్రతి ప్రధాన నోట్‌ను, కేసుతో సంబంధంలేని మరో అధికారి చదివి సంతకం చేయాలన్న నియమం అందరికీ వర్తించాలి. వరుస రాత్రులు పని చేయించడాన్ని అంకితభావానికి గుర్తుగా మెచ్చుకోవడం ఆపాలి. ఒక అధికారి చికిత్స వివరాలను కేసుకు సంబంధం లేకుండా కోర్టులో లాగితే ప్రాసిక్యూషన్ వెంటనే అభ్యంతరం చెప్పాలి, న్యాయమూర్తులు దాన్ని ఆమోదించాలి. అవినీతిని బయటపెట్టినవారి రక్షణకు 2014లో చేసిన చట్టమే ఈనాటికీ అమల్లోకి రాని దేశంలో ఇవన్నీ అడగడం అత్యాశ అని కొందరనవచ్చు. ఇవి చాలావరకు ఒక సర్క్యులర్‌తో అయ్యే పనులు.

ఇది గుప్పెడుమంది అధికారుల గొడవ కూడా కాదు. 2015–16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేల్చింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా చెప్పింది. దర్యాప్తు సంస్థలు, ఆడిట్ కార్యాలయాలు, కోర్టులు, పత్రికలు వేరే గ్రహంమీద లేవు. ఆ పదిమందిలో ఒకరు అక్కడా ఉన్నారు, మాట్లాడడం లేదంతే.

పార్లమెంటు సభ్యుడి అర్హత గురించి రాజ్యాంగం 102వ అధికరణ ఏమంటుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. మతిస్థిమితం లేదని సమర్థ న్యాయస్థానం ప్రకటిస్తేనే సభ్యత్వం పోతుంది. అంటే చట్టాలు చేసే మనిషి విషయంలో వైద్యుడి చీటీ చాలదు, ప్రత్యర్థి ఎగతాళి చాలదు, కోర్టు తేల్చాలి. సరైన నిబంధన. ఆ గౌరవం, ఆ చట్టాలను ఉల్లంఘించినవారిని పట్టుకునే మనిషికి మందుల షాపు దగ్గరే ఎందుకు ముగిసిపోవాలి? ఎర్రగడ్డ పేరు ఎత్తబోయే నాయకుడు ఈసారి ఒక్క క్షణం ఆగి, తన పార్టీ ఆరోపిస్తున్న కుంభకోణం ఫైలు ఇప్పుడు ఎవరి బల్లమీద ఉందో, ఆ మనిషి సొరుగులో ఏ మాత్రలున్నాయో తనకు తెలియదని గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఈ మధ్య ఒక యువ అధికారి ఆయనను వెతుక్కుంటూ వచ్చాడట. బీరువాకు తాళం వేసిన ఆ సహోద్యోగే పంపాడు. కొత్తగా అదే జబ్బు, అదే విభాగం, చేతిలో ఒక పెద్ద కేసు. ఏం చెప్పారని అడిగాను.

“మూడు చెప్పాను. రాత్రి పదకొండు కాకుండా పడుకో. నోట్ రాస్తే తెల్లారాక ఇంకొకరికి చూపించి పంపు. మూడోది, ఎవరికీ చెప్పకు.”

కాసేపు ఊరుకుని మళ్లీ అన్నారు: “ఇన్నేళ్లయ్యాక కూడా మూడోది చెప్పవలసి రావడం నాకు సిగ్గుగా ఉంది.”

సిగ్గుపడవలసింది ఆయన కాదు.